పేర్లు రాసుకోని ద్వీపం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. విలియం గోల్డింగ్ 1954లో ప్రచురించిన ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’ నవల చదవడం ముగించాక, మనిషి లోపల అసలు ఉన్నది మృగమేననీ, నాగరికత దాని మీద వేసిన పైపూత మాత్రమేననీ మీకు అనిపించింది. ప్రపంచ సాహిత్యంలో గొప్పవని పేరుపడిన నవలలన్నీ చివరకు ఇదే మాట చెబుతున్నాయా, చెబితే దాన్ని నమ్మాలా అని అడిగారు. ఈ నవలను నేను 28 ఏళ్లు తరగతి గదిలో చెప్పాను. మొదటి పదేళ్లు మీరు అనుకుంటున్నట్టే చెప్పాను. ఆ తర్వాత అలా చెప్పడం మానేశాను. ఎందుకు మానేశానో వివరిస్తే మీ ప్రశ్నకు సమాధానం అందులోనే దొరుకుతుందని నా నమ్మకం.

కథ చదవని వారి కోసం నాలుగు మాటలు. అణుయుద్ధం జరుగుతున్న రోజుల్లో ఇంగ్లండ్ నుంచి తరలిస్తున్న బడిపిల్లల విమానం కూలిపోయి, ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల వయసు మగపిల్లలు మాత్రమే ఒక నిర్జన ద్వీపంలో మిగులుతారు. శంఖం ఊది అందరినీ ఒకచోటికి పిలిచిన రాల్ఫ్‌ను నాయకుడిగా ఎన్నుకుంటారు. శంఖం ఎవరి చేతిలో ఉంటే వారే మాట్లాడాలనీ, దారిన పోయే ఓడల కంటపడేలా కొండ మీద నిప్పు ఆరకుండా చూసుకోవాలనీ నియమాలు పెట్టుకుంటారు. చర్చి గాయక బృందానికి పెద్ద అయిన జాక్ మనసు వేట మీదికి మళ్లుతుంది. ద్వీపంలో ఏదో మృగం తిరుగుతోందన్న భయం పిల్లలను పట్టుకుంటుంది. గుంపు రెండుగా చీలి, సైమన్, పిగ్గీ అనే ఇద్దరు పిల్లలు తోటి పిల్లల చేతుల్లోనే చనిపోతారు.

పైపూత ఊడితే మృగం బయటపడుతుందన్న ఆలోచన ఈ నవలకన్నా చాలా పాతది. అంతర్యుద్ధంలో నలిగిన ఇంగ్లండును చూసిన తత్వవేత్త థామస్ హాబ్స్, అందరినీ అదుపులో పెట్టే అధికారం లేని చోట మనిషి బతుకు ఒంటరిదిగా, దరిద్రంగా, నీచంగా, పశుప్రాయంగా, అల్పాయువుగా ఉంటుందని 1651లోనే రాశాడు. మనిషిని చెడగొట్టింది ఆస్తీ, సమాజమూనని మరో తత్వవేత్త రూసో 1755లో వాదించాడు. గోల్డింగ్ నవలను సాధారణంగా హాబ్స్ తరఫు సాక్షిగా బోనెక్కిస్తారు. అయితే కథలో జాక్ గుంపును కాస్త పరీక్షగా చూడండి. అక్కడ నాయకుడున్నాడు, కోటలాంటి కొండకు కాపలా ఉంది, శిక్ష ఉంది, విందు ఉంది, అందరూ కలిసి వేసే చిందు ఉంది. రాల్ఫ్ సభలకన్నా అక్కడే క్రమశిక్షణ ఎక్కువ. మనకు నియమాలు కావాలి, మనం అనాగరికులం కాదు, ఇంగ్లీషువాళ్లం, ఇంగ్లీషువాళ్లు అన్నిట్లోనూ మేటి అని మొదట్లో అన్నవాడు కూడా ఈ జాకే. కాబట్టి ద్వీపంలో జరిగింది కట్టుబాట్లు పోయి మృగం మిగలడం కాదు. ఒక కట్టుబాటు పోయి మరో కట్టుబాటు వచ్చింది. మొదటిది ఎక్కడ తెగిందన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

నాకు తోచినంతలో అది మొదటి రోజునే, ఎవరూ పట్టించుకోని ఒక చిన్న పని దగ్గర తెగింది. అందరి పేర్లూ రాసుకుందామని పిగ్గీ అంటాడు. ఆ పని జరగదు. పిల్లలు వెలిగించిన మొదటి మంట అదుపు తప్పి అడవిని కాల్చేసినప్పుడు, ముఖం మీద మల్బరీ రంగు మచ్చ ఉన్న ఒక చిన్నవాడు మళ్లీ కనిపించడు. పిగ్గీ గగ్గోలు పెడతాడు కానీ, ఎంతమంది ఉండాలో తెలిస్తే కదా ఎవరు తప్పిపోయారో తెలిసేది. ఆ పిల్లవాడి పేరు నవల మొత్తంలో ఎక్కడా లేదు. పిగ్గీ అసలు పేరూ లేదు. బడిలో తనను పిలిచిన పేరుతో మాత్రం పిలవవద్దని బతిమాలుకున్న ఆ అబ్బాయిని, రాల్ఫ్ అందరి ముందూ అదే పేరుతో పరిచయం చేసి నవ్విస్తాడు. పందిపిల్ల అనే అర్థం వచ్చే ఆ వెక్కిరింపు మాటే, పందుల వేటతో నిండిపోయిన కథలో అతనికి చివరి దాకా పేరుగా నిలిచిపోతుంది. ఇది చేసింది దుర్మార్గుడైన జాక్ కాదు, మనం అభిమానించే రాల్ఫ్. ఈ సంగతి గమనించిన రోజు నుంచే ఈ నవలను మంచి గుంపు, చెడ్డ గుంపు మధ్య పోరాటంగా చెప్పడం నాకు చేతకాలేదు.

ఆ తర్వాతి మెట్టు జాక్ గాయక బృందంలోని రోజర్ అనే అబ్బాయి. సముద్రపు ఒడ్డున ఆడుకుంటున్న హెన్రీ అనే చిన్నవాడి మీదికి రోజర్ చెట్టు చాటు నుంచి రాళ్లు విసురుతాడు. ఒక్కటీ తగలదు, ఎందుకంటే తగలకుండానే విసురుతాడు. ఆ పిల్లవాడి చుట్టూ ఆరు గజాల మేర ఒక కనిపించని వలయం ఉంది. తల్లిదండ్రులు, బడి, పోలీసులు, చట్టం అన్నీ కలిసి గీసిన వలయం అది. రోజర్ చేతిని ఆపుతున్న నాగరికతకు రోజర్ ఎవరో తెలియదనీ, పైగా అదే అప్పటికి శిథిలమైపోయిందనీ గోల్డింగ్ అక్కడ చెబుతాడు. నాగరికత అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ ఆరు గజాల నేలనే చూపిస్తాను. చివరకు పిగ్గీ మీదికి బండరాయిని దొర్లించేదీ ఈ రోజరే. ఆ రాతితో పాటే పిగ్గీ చేతిలోని శంఖమూ ముక్కలైపోతుంది.

అయినా నవలకు గుండెకాయ పిగ్గీ చావు కాదు, సైమన్ చావూ కాదు. సైమన్ చనిపోయిన మరునాటి ఉదయం. కొండ మీద ఉన్నది మృగం కాదనీ, ఆకాశం నుంచి పారాచూట్‌తో దిగిన ఒక సైనికుడి శవమనీ కనుక్కుని, ఆ కబురు చెప్పడానికి సైమన్ చీకట్లో, వానలో పాక్కుంటూ వస్తాడు. చిందు తొక్కుతున్న పిల్లలు అతణ్నే మృగమనుకుని చంపేస్తారు. సైమన్‌ను ఎవరు చంపారని తరగతిలో అడిగితే, ఏటా ఒకటే జవాబు వచ్చేది: జాక్ గుంపు. ఆ పేజీ మళ్లీ పైకి చదవమనేవాణ్ని. చదువుతున్న విద్యార్థి గొంతు ఒకచోట నెమ్మదించేది. ఆకాశం ఉరుముతుంటే భయపడిన రాల్ఫ్, పిగ్గీ కూడా ఆ పిచ్చి గుంపులోనే కాస్త భద్రత ఉందనుకుని అందులో చోటు కోసం ఆత్రపడ్డారని అక్కడ స్పష్టంగా ఉంటుంది.

తెల్లవారాక రాల్ఫ్ శంఖాన్ని నిమురుతూ కూర్చుని, అది హత్య అంటాడు. పిగ్గీ ఆ మాట భరించలేడు. చీకటిగా ఉంది, ఉరుములు, వాన, మనం భయపడ్డాం, అది ప్రమాదం, పైగా మనం చిందు వలయానికి బయటి అంచునే ఉన్నాం అని వరసగా సర్దిచెబుతాడు. కవలలైన శామ్, ఎరిక్ వచ్చి, తాము అలసిపోయి ముందే వెళ్లిపోయామంటారు. తామూ ముందే వెళ్లిపోయామని పిగ్గీ, రాల్ఫ్ అంటారు. నలుగురికీ నిజం తెలుసు, నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేరు. అదే సమయంలో ద్వీపం రెండో కొసన జాక్ తన గుంపుకు మృగం వేషం మార్చుకుని వచ్చిందని చెబుతుంటే, మరి మనం దాన్ని చంపేశాం కదా అని ఒక పిల్లవాడు నసుగుతాడు. లేదు, మనం దాన్ని ఎలా చంపగలం అంటాడు జాక్. ఒకచోట హత్యకు ప్రమాదమని పేరు, ఇంకోచోట మనిషికి మృగమని పేరు. ఆ ఉదయం రెండు శిబిరాలకూ తేడా పోయింది. హత్య అన్న మాటను నలుగురిలో ఒక్కడైనా గట్టిగా పట్టుకుని, జరిగింది జరిగినట్టు అందరి ముందూ చెప్పి ఉంటే పిగ్గీ బతికేవాడా? చెప్పలేను. చెప్పకపోవడం వల్ల ఆ తర్వాతి చావుకు అడ్డు లేకుండా పోయిందన్నది మాత్రం కథలో కనిపిస్తూనే ఉంది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. గోల్డింగ్ నా వైపు ఉండడు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నౌకాదళంలో పనిచేసి, నార్మండీ దండయాత్రలో రాకెట్లు ప్రయోగించే పడవకు అధిపతిగా ఉండి, తర్వాత సాల్స్‌బరీలో బడిపంతులుగా మగపిల్లల మధ్య ఏళ్ల తరబడి గడిపిన మనిషి ఆయన. తేనెటీగ తేనె తయారుచేసినట్టు మనిషి చెడును తయారుచేస్తాడని ఒక వ్యాసంలో రాశారు. సమాజంలోని లోపాల మూలాన్ని మానవ స్వభావంలో వెతకడమే తన ఉద్దేశమని కూడా చెప్పుకున్నారు. ఆ అనుభవాన్ని నేను గౌరవిస్తాను. కానీ మంచి నవల తన రచయిత సిద్ధాంతం కన్నా ఎక్కువ చూస్తుంది. చెడు తేనెలా తనంతట తానే ఊరేదైతే, ఆరు గజాల వలయమూ, మరునాటి ఉదయపు బొంకులూ అంత వివరంగా రాయవలసిన అవసరం ఉండేది కాదు. మొదటి పందిని చంపడానికి కత్తి ఎత్తిన జాక్ చేయి గాలిలో ఆగిపోవడమూ అక్కర్లేదు.

మన భాషలో ఒక పలుకుబడి ఉంది: ముసలం పుట్టింది అంటాం. బయటి శత్రువు లేకుండానే లోపలి నుంచి కూలిపోయే ఇంటి గురించీ, పార్టీ గురించీ వాడే మాట. తిక్కన తెలుగు చేసిన పదిహేను పర్వాల్లో మౌసల పర్వం ఒకటి. ఆ కథలో కృష్ణుడి కొడుకు సాంబుడికి గర్భిణి వేషం వేసి యాదవ యువకులు మునులను పరిహసిస్తే, వారి శాపం వల్ల ఇనుప రోకలి, అంటే ముసలం, పుడుతుంది. దాన్ని పొడి చేసి సముద్రంలో కలిపి, ఇక పీడ వదిలిందనుకుంటారు. ఆ పొడే ఒడ్డున తుంగగా మొలుస్తుంది. కురుక్షేత్రం ముగిసిన 36 ఏళ్లకు, ప్రభాస తీర్థంలో తాగిన మైకంలో సాత్యకి కృతవర్మను నిద్రపోతున్నవాళ్లను చంపినవాడివని ఎత్తిపొడుస్తాడు, యుద్ధంలో సాత్యకి చేసిన భూరిశ్రవుడి అన్యాయ వధను కృతవర్మ గుర్తుచేస్తాడు, కత్తి లేస్తుంది, తుంగ పరకలే రోకళ్లై అందరూ అందరినీ కొట్టి చంపుకుంటారు. ఆ ఇద్దరూ అన్నవి అబద్ధాలు కావు. 36 ఏళ్లు నోరు మెదపకుండా దాచుకున్న నిజాలు తాగిన రాత్రి ఆయుధాలయ్యాయి. రోకలిని పొడి చేసి నీళ్లలో కలిపేయడానికీ, మనం ముందే వెళ్లిపోయాం అనడానికీ నాకు పెద్ద తేడా కనిపించదు. అక్కడ ఎవరి పైపూతా ఊడలేదు. ఆ మనుషులు రాజభవనాల్లో పెరిగినవాళ్లు, ధర్మశాస్త్రాలు తెలిసినవాళ్లు.

ఇంకో హెచ్చరిక కూడా మన మాటల్లోనే ఉంది. నగరం నుంచి నాగరికత, అడవి నుంచి ఆటవికం. పిల్లలు ఆటవికులైపోయారని రాసేటప్పుడు, అడవిలో బతికేవారి మీద ఒక తీర్పు మనకు తెలియకుండానే ఇచ్చేస్తున్నాం. జోసెఫ్ కాన్రాడ్ 1890లో కాంగో వెళ్లివచ్చి, 1899లో పత్రికలో వెలువరించిన ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’లో ఈ తీర్పును సగం తిరగేస్తాడు. ఏనుగు దంతాల కోసం వెళ్లిన కర్ట్జ్, అనాగరిక ఆచారాలను అణచడం గురించి ఉదాత్తమైన భాషలో ఒక నివేదిక రాసి, చివర్లో ఈ పశువులందరినీ నిర్మూలించండి అని గీకుతాడు. కథ చెబుతున్న మార్లో ఆ చివరి వాక్యం చించేసి మిగతా నివేదికను పత్రికకు ఇస్తాడు. కర్ట్జ్ ఆఖరి మాట ఘోరం, ఘోరం అయితే, అతను చివరగా పలికింది మీ పేరేనని అతని కోసం ఎదురుచూస్తున్న యువతితో అబద్ధమాడతాడు. ఘోరానికి దాని పేరు పెట్టింది చచ్చిపోతున్న నేరస్థుడు, దాన్ని దాచింది బతికిన మంచివాడు. సగమే తిరగేశాడని ఎందుకన్నానంటే, ఆ కథలో ఆఫ్రికా మనుషులకు పేర్లూ లేవు, దాదాపు మాటలూ లేవు. నైజీరియా రచయిత చినువా అచెబె 1975లో తన ప్రసంగంలో దీన్ని నిలదీశారు. అంతకు ముందే, 1958లో, ఆయన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ రాశారు.

నాగరికత కూలడం గురించి ఒక్క నవలే చదవగలనని ఎవరైనా అంటే నేను ఇచ్చేది ఇదే. అందులో కూలిపోయే నాగరికత నైజీరియాలో ఈబో జాతివారి ఉమువోఫియా అనే పల్లెది, కూల్చేది తనను నాగరికమని పిలుచుకునే ప్రభుత్వం. కానీ అచెబె తన ఊరిని అద్దంలా తుడిచి చూపించరు. కవల పిల్లలను కుండల్లో పెట్టి అడవిలో వదిలేయడం, తన ఇంట్లో పెరుగుతూ తనను నాన్నా అని పిలిచే ఇకెమెఫునా అనే అబ్బాయిని, కథానాయకుడు ఒకోంక్వో పిరికివాడనిపించుకుంటానన్న భయంతో నరికేయడం, అన్నీ ఉంటాయి. ఇకెమెఫునా ఇక లేడని తెలిసిన రోజు ఒకోంక్వో కొడుకు న్వోయె లోపల, బిగించిన విల్లు తెగినట్టు ఏదో తెగిపోతుంది. అతను ఆ ప్రశ్నను ఎవరినీ అడగలేడు, అడిగే చోటు ఆ ఇంట్లో లేదు. ఏళ్ల తర్వాత కొత్త మతం పాట ఆ అడగని ప్రశ్నకు జవాబులా వినిపిస్తే, మొదట వెళ్లేవారిలో అతనొకడు. ఊరి చీలిక తెల్లవాడి రాకతో మొదలు కాలేదు. చివరి పేజీలో ఒకోంక్వో ఉరి వేసుకున్నాక, జిల్లా కమిషనర్ తను రాయబోయే పుస్తకంలో ఈ మనిషికి ఒక అధ్యాయం ఎక్కువ, ఒక పేరా చాలనుకుంటాడు. పేరాకు కుదించిన ఆ జీవితాన్నే అప్పటిదాకా మనం ఒక నవలంతా చదివాం.

మరి గొప్ప నవలలన్నీ కూలిపోవడమే చెబుతాయా అంటే, అల్బేర్ కామూ 1947లో రాసిన ‘ప్లేగు’ అలా చెప్పదు. అల్జీరియాలోని ఒరాన్ నగరంలో ఎలుకలు చస్తాయి, మనుషులు చస్తారు, అధికారులు మాత్రం ప్లేగు అన్న మాట కాగితం మీద పెట్టడానికి వెనకాడతారు. ఆ మాట గురించి గొడవ తనకు అక్కర్లేదనీ, ఊళ్లో సగం మందికి ప్రాణాపాయం లేనట్టు ప్రవర్తించకపోతే చాలనీ డాక్టర్ రియూ అంటాడు. పేరు కన్నా పని ముఖ్యమన్న ఆ మాట నా వాదానికి కాస్త అడ్డం వస్తుంది, రావాలి కూడా. అయితే అదే నవలలో రియూ స్నేహితుడు తారూ, మనుషుల దుఃఖమంతా స్పష్టమైన భాష వాడకపోవడం వల్లనే వచ్చిందని అంటాడు. వీళ్లిద్దరి మధ్య జోసెఫ్ గ్రాండ్ అనే పురపాలక సంఘపు చిన్న గుమాస్తా ఉన్నాడు. ఉద్యోగం ముగిసిన సాయంత్రాల్లో స్వచ్ఛంద సేవాదళాల లెక్కలు రాస్తాడు, ఎంతమంది చనిపోయారో నమోదు చేస్తాడు. మిగిలిన సమయంలో తను రాయాలనుకున్న నవల మొదటి వాక్యాన్ని, సరైన మాట దొరికేదాకా కొట్టేస్తూ తిరగరాస్తూ ఉంటాడు. ఈ కథకు ఒక వీరుడు ఉండి తీరాలంటే అతను గ్రాండేనని కథకుడు అంటాడు. ద్వీపంలో పిగ్గీని చేయనివ్వని పనిని ఒరాన్‌లో ఈ గుమాస్తా చేస్తున్నాడు. అందరూ మంచివాళ్లు కావడం వల్ల ఒరాన్ నిలబడలేదు. కొందరు రోజూ ఇలాంటి పని చేయడం వల్ల నిలబడింది.

కల్పన బయట ఒక ఉదంతం మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. 1965లో టోంగా రాజధానిలోని బడి నుంచి ఆరుగురు అబ్బాయిలు పడవెక్కి పారిపోయి, తుఫానులో చిక్కి, అటా అనే నిర్జన ద్వీపానికి కొట్టుకుపోయారు. 15 నెలల తర్వాత, 1966లో, పీటర్ వార్నర్ అనే ఆస్ట్రేలియా నావికుడు వాళ్లను కనుక్కున్నప్పుడు ఆరుగురూ క్షేమంగా ఉన్నారు. నిప్పు ఆరలేదు. ఒకడికి కాలు విరిగితే మిగతావాళ్లు కట్టు కట్టి, అతని పని తాము పంచుకున్నారు. గొడవ పడినవాళ్లు కోపం చల్లారేదాకా చెరోవైపు వెళ్లి, తిరిగొచ్చి క్షమాపణ చెప్పుకోవాలన్నది వాళ్ల నియమం. దీన్ని గోల్డింగ్ అబద్ధమని నిరూపించే సాక్ష్యంగా చాలామంది వాడుతున్నారు. నేను అలా వాడను. వాళ్లు ఆరుగురు, ముందు నుంచీ స్నేహితులు, ఒకరి పేరు ఒకరికి తెలుసు, వాళ్ల వెనుక ప్రపంచం తగలబడిపోవడం లేదు. ఒక ఉదంతంతో మానవ స్వభావం మంచిదని తేల్చడం, ఒక నవలతో చెడ్డదని తేల్చినంత తొందరపాటే. నాకు ఇందులో విలువైనది ఆ క్షమాపణ నియమం. చేసిన తప్పును తప్పని ఎదుటివాడి ముందు చెప్పే చోటును వాళ్లు ఏర్పరచుకున్నారు. గోల్డింగ్ పిల్లల దగ్గర శంఖం ఉంది కానీ, ఆ శంఖం పట్టుకుని అది హత్య అని సభలో అన్నవాడు లేడు.

మళ్లీ చదివేటప్పుడు పెర్సివల్ అనే చిన్నవాణ్ని వదలకండి. సభలో భయం గురించి మాట్లాడమని నిలబెడితే, తప్పిపోతే చెప్పమని ఇంట్లో నేర్పిన పాఠాన్ని, తన పూర్తి పేరు, ఊరు, ఇంటి చిరునామా, టెలిఫోన్ అంటూ, ఒక మంత్రంలా వల్లించి ఏడ్చేస్తాడు. చివర్లో రాల్ఫ్‌ను చంపడానికి పెట్టిన మంటే ఓడను రప్పిస్తుంది. తెల్లని దుస్తుల్లో దిగిన నౌకాదళ అధికారి, ఎవరూ చావలేదు కదా అని నవ్వుతూ అడుగుతాడు. ఇద్దరే అంటాడు రాల్ఫ్. మల్బరీ మచ్చ ఉన్న పిల్లవాడు ఆ లెక్కలో లేడు. అప్పుడు పెర్సివల్ ఆ అధికారి ముందుకొచ్చి, నేను, నేను అని మొదలుపెడతాడు. ఎంత వెతుక్కున్నా అతనికి ఆ తర్వాతి మాట దొరకదు.